కిటికీ పక్క డబ్బా

స్పీకర్లు బాగుచేసే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేవన్నీ చేతిపని ప్రశ్నలే. చిరిగిన కాగితపు కోనుకు ఏ జిగురు వాడాలి, కాయిల్ రాసుకుంటుంటే ఏం చేయాలి, పాత విదేశీ స్పీకరు డబ్బాలో మన ట్వీటర్ పెడితే నప్పుతుందా. అడిగితే చెప్తాను. కానీ అవన్నీ నాలుగు డబ్బాలు పాడుచేసుకుంటే ఎవరికైనా వచ్చేవే. వాళ్ళు అడగనిదీ, నాకు చెప్పాలని ఉన్నదీ భయం గురించి.

నేను పుట్టు భయస్తుణ్ణి. ఇంటికి తాళం వేసి గల్లీ చివరిదాకా వెళ్ళి, వేశానో లేదో అని మళ్ళీ వెనక్కి వచ్చే రకం. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. "ఫికర్ చేసెతందుకు ఏం లేకపోతె, ఏం లేదేందని ఫికర్ చేస్తవ్ నువ్వు" అంటుంది. అయినా ఆ భయమే మాకు అన్నం పెట్టింది. ధైర్యం ఉన్నవాళ్ళు స్క్రూడ్రైవర్ తీసి నేరుగా వెనక పలక విప్పేస్తారు. నేను ముందు డబ్బా చుట్టూ తిరుగుతాను. నా దగ్గరికి వచ్చిన డబ్బాల్లో సగం వాటంతటవి పాడైనవి కావు, ఎవరో బాగుచేయబోయి పాడుచేసినవి.

అతుకుల డబ్బాలు

హనుమకొండ చౌరస్తా వెనక గల్లీలో మా దుకాణం ఉండేది. డెబ్బైలలో, ఎనభైలలో మన ఊళ్ళలో కొత్త స్టీరియో కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు? వచ్చేవన్నీ వాడినవే. కాజీపేట రైల్వే కాలనీ నుంచి దేశం విడిచిపోయే ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు బల్లలు, బీరువాలతో పాటు అమ్ముకున్నవి కొన్ని. హైదరాబాద్‌లో పాత సామాను బజారు నుంచి బస్సు మీద వేసుకొచ్చినవి కొన్ని. పైన మెరుగుపెట్టిన మంచి చెక్క, ముందు బట్ట తెర, చూస్తే ముచ్చటేసేది. వెనక పలక తీస్తే అసలు సంగతి బయటపడేది.

లోపల ఒక్కో భాగం ఒక్కో దేశానిది. పెద్ద స్పీకరు ఇంగ్లండుది, సన్న స్వరాలు పలికే చిన్న ట్వీటరు బొంబాయిది, ఆ సన్న స్వరాలను దానికి పంపే కండెన్సరు ఎవరో రేడియోలోంచి పీకి పెట్టింది. కోను అంచు పొడిపొడిగా రాలిపోతే గొడుగు బట్ట అతికించినవాళ్ళున్నారు. తోలు చేతితొడుగు కత్తిరించి అతికించినవాళ్ళున్నారు. వాళ్ళను తప్పుపట్టను. అసలు భాగం దొరకని ఊళ్ళో మనిషి ఏదో ఒకటి చేస్తాడు. నేనూ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటినుంచి నూలు గుడ్డ తెచ్చి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టి, కాయిల్‌ను మధ్యలో నిలబెట్టే పట్టీలు చేసినవాణ్ణే. అవి బాగానే పనిచేశాయి కూడా.

నేను తప్పుపట్టేది వేరే సంగతి. గిరాకీ వచ్చి "ఎడమది సరిగ్గ పాడుతలేదు" అనగానే, నిజమా కాదా చూడకుండా ఎడమ డబ్బాలో ఒక భాగం మార్చి ఇచ్చేసే అలవాటు మా వాళ్ళందరికీ ఉండేది. అది మంచిభాగం అయినా సరే. ఏదో ఒకటి మార్చకపోతే పని చేసినట్టు కాదని భయం. చూశారా, వాళ్ళకీ భయమే.

ఉస్తాద్ నేర్పిన ఒకే ఒక్క మంచి మాట

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. రేడియోల కాలం మనిషి. కోపిష్టి. పని బాగా చేస్తే ఒక్క మాట అనడు, తప్పు చేస్తే గల్లీ అంతా వినేలా అంటాడు.  గొప్ప గురువు అని అబద్ధం చెప్పను. కానీ ఆయన పెట్టిన ఒక నియమం ఆ ఊళ్ళో ఇంకే దుకాణంలోనూ లేదు. డబ్బా మీద స్క్రూడ్రైవర్ పెట్టేముందు గిరాకీ ఇంటికి పోవాలి. ఆయన రోజూ ఎక్కడ కూర్చుని వింటాడో అక్కడ మనం కూర్చుని వినాలి. మిగతా దుకాణాలవాళ్ళు నవ్వేవాళ్ళు, డాక్టర్లు కూడా ఇంటికి రావట్లేదు, వీళ్ళు డబ్బా కోసం వస్తున్నారని.

ఆ నియమం నాకు పరకాలలో ఒంటబట్టింది. అక్కడ ఒక బట్టల షావుకారు జత డబ్బాలు పంపాడు, మూలుగుతున్నాయని. నేను బస్సు ఖర్చెందుకని దుకాణంలోనే విప్పి చూశాను. బాగా పాడాయి. పంపించాను. మళ్ళీ మూలుగుతున్నాయని తిరిగొచ్చాయి. మళ్ళీ విప్పాను. నాలో ఏదో లోపముందని నిద్ర పట్టలేదు. చివరికి ఉస్తాద్ తిట్టి పరకాల బస్సెక్కించాడు. పోయి చూస్తే ఏముంది, రెండు డబ్బాల ముందూ చీరల మూటలు గుట్టగా పేర్చి ఉన్నాయి. మూటలు తీయించి కూర్చున్నాను. డబ్బాలు నిక్షేపంగా పాడాయి.

తిరిగొచ్చి చెప్తే ఉస్తాద్ నవ్వలేదు. "డబ్బ ఒక్కటే సెట్టు గాదు బేటా" అన్నాడు. "ఇల్లు గూడ సెట్టే. ఇంట్ల కూసునే మనిషి గూడ సెట్టే. ఏది ఖరాబైందో చూడాలె, దొరికినంక నోటితోని చెప్పాలె. బాగైతదా కాదా, అది వేరే ముచ్చట."

ఆ మాటలో "మనిషి" అన్న ముక్క ఎంత బరువైందో నాకు అప్పుడు తెలియదు.

రాజలింగం అన్న కుర్చీ

రాజలింగం అన్న రైలింజన్ డ్రైవరు. బొగ్గింజన్ల రోజులు. క్లీనరుగా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గు ఎత్తిపోసి, డ్రైవరైనవాడు. మనిషి పొడగరి, గొంతు పెద్దది. కాలనీలో ఒక కుటుంబం పోతూ పోతూ అమ్మిన రికార్డు ప్లేయరూ, జత స్పీకర్లూ కొనుక్కున్నాడు. డ్యూటీ దిగి స్నానం చేసి, బనీనుతో కుర్చీలో కూర్చుని పాటలు వినడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. ఆయన మా దుకాణానికి వచ్చేసరికే ముగ్గురు మెకానిక్‌ల చేతులు పడ్డాయి.

ఉస్తాద్ అప్పటికి దుకాణం నాకు వదిలి ఇంటిపట్టున ఉంటున్నాడు. నియమం ప్రకారం నేను కాజీపేట పోయాను. ముందు గదిలో గోడకు ఆనించి రికార్డు ప్లేయరు. దానికి ఎడమన కిటికీ పక్క ఒక డబ్బా, కుడివైపు తలుపు పక్క ఒక డబ్బా. ఎదురుగా ఆయన చెక్క కుర్చీ. కిటికీ కింద వెలుతురులో పీట వేసుకుని ఆయన భార్య సుగుణమ్మ వదిన బెండకాయలు తరుగుతోంది.

"తమ్మీ, గా కిటికీ పక్కది చూడు" అన్నాడు రాజలింగం అన్న. "మూతికి బట్ట కట్టినట్టు పాడుతాంది. ముగ్గురు చూసిన్రు. ముగ్గురు ఏందో మార్చిన్రు. ఫరక్ లేదు."

"ఆ డబ్బ సంగతేమో గని తమ్మీ" అంది వదిన కత్తిపీట మీంచి తలెత్తకుండా. "ఈన ఈ నడుమ నా మాటనే ఇంటలేడు. గొంతు పోయేటట్టు ఒర్రితె గని పలుకడు."

"పెండ్లైనంక ఎవడింటడు" అన్నాడాయన. ముగ్గురం నవ్వాం. నేనైతే గట్టిగానే నవ్వాను.

ఆయన కుర్చీలో కూర్చుని విన్నాను. కిటికీ పక్క డబ్బా నిజంగానే మొద్దుగా పాడుతోంది. దుకాణానికి తెచ్చి విప్పితే ముగ్గురి చేతిపనీ కనిపించింది. మొదటివాడు మంచి ట్వీటర్ తీసేసి ఏదో చవకది పెట్టాడు. రెండోవాడు దానికి సరిపోని కండెన్సరు వేశాడు. మూడోవాడు పెద్ద కోను మీద మందపాటి కాగితం అతికించాడు. అన్నీ సరిచేశాను. నా పాత సామానులో అదే రకం ట్వీటరు ఒకటి ఉంటే పెట్టాను. తీగలు తిరగబడ్డాయేమో అని టార్చి బ్యాటరీ ఆనించి, రెండు కోన్లూ ఒకే దిక్కుకు కదులుతున్నాయో లేదో చూశాను. కదిలాయి. జత డబ్బాలు ఒకటి తీసి ఒకటి వింటే తేడా తెలియనంత సమంగా వచ్చాయి. నాకే ముద్దొచ్చాయి.

తీసుకెళ్ళి పెట్టాను. ముందు నేను కుర్చీలో కూర్చుని విన్నాను. రెండూ సమానం. లేచి ఆయన్ని కూర్చోబెట్టాను.

"ఏం మారలేదు తమ్మీ" అన్నాడు.

 దుకాణంలో బాగున్నది ఇంట్లో ఎందుకు బాగోదు? పరకాల గుర్తొచ్చింది. డబ్బాల ముందు మూటలేమీ లేవు. కిటికీ పక్క డబ్బాను తలుపు పక్కకు, తలుపు పక్కదాన్ని కిటికీ పక్కకు మార్చాను. డబ్బాలో దోషముంటే దాంతోపాటే అదీ తలుపు పక్కకు రావాలి కదా. "కిటికీ పక్కదే మూగగున్నది" అన్నాడు. అంటే దోషం డబ్బాలో లేదు. ప్లేయరు వెనక తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాను. ప్లేయరులో దోషముంటే ఇప్పుడైనా పక్క మారాలి. "కిటికీ పక్కదే" అన్నాడు. డబ్బా కాదు, ప్లేయరూ కాదు. మిగిలింది గది. తెరిచిన కిటికీలోంచి ధ్వని బయటికి పోతోందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నాకే నమ్మకం లేదు, ఎందుకంటే అదే కుర్చీలో నాకు రెండూ సమంగా వినిపించాయి. అయినా అడిగాను.

"అన్నా, ఒక్కసారి కుర్చీ ఎనుకకు తిప్పి కూసో. ప్లేయరుకు వీపు పెట్టు."

ఆయన విసుక్కుంటూనే తిప్పి కూర్చున్నాడు. పాట సాగుతోంది. ఒక్క క్షణం విని మొహమంతా విప్పారిపోయింది.

"ఇగో! ఇప్పుడు కిటికీ పక్కది ఖంగుమంటాంది! ఏం చేసినవ్ తమ్మీ?" అన్నాడు. అంతలోనే నొసలు ముడిపడింది. "గని తలుపు పక్కదానికేమైంది? గిప్పుడు అదే మూగవోయింది."

నేను ఏ తీగా ముట్టుకోలేదు. కిటికీ కింద కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. సుగుణమ్మ వదిన నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

రాజలింగం అన్న తలను మెల్లగా ఒకపక్కకు తిప్పాడు. మళ్ళీ రెండోపక్కకు తిప్పాడు. వద్దు వద్దు అంటున్న మనిషిలా కాసేపు అట్లాగే తిప్పుతూ ఉన్నాడు. ఎటు తిప్పినా ఎడమ చెవికి ఎదురుగా వచ్చిన డబ్బాయే మూగబోతోంది. తర్వాత తిప్పడం మానేశాడు. రికార్డు అయిపోయి సూది గీకుతున్నా ఎవరమూ లేవలేదు.

"డబ్బలు తీస్కపో తమ్మీ" అన్నాడు చివరికి, నావైపు చూడకుండా. "ఇంక లోపట ఏమన్న ఉన్నదేమో చూడు."

గంటలో ఆయనకు డ్యూటీ ఉంది. దండెం మీద యూనిఫాం ఆరుతోంది.

మంచి డబ్బాలు నా దగ్గర

బాగున్న డబ్బాలను రిపేరుకని రిక్షాలో వేసుకుని వచ్చింది నా సర్వీసులో అదొక్కసారే. వాటిని దుకాణంలో పై అరలో పెట్టాను. ఎవరైనా గిరాకీ వాటిని చూసి "అవేం ఖరాబైనయ్?" అని అడిగితే మాట మార్చేవాణ్ణి.

అంతకుముందు రైలు కూత నాకు వినిపించేదే కాదు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి అదేం కొత్త? ఆ రోజు నుంచి ప్రతి కూతా వినిపించింది. సోల్డరింగ్ చేస్తుంటే కూత వినబడి చెయ్యి ఆగేది. ఆ బండి మీద ఎవరున్నారు? ఎడమపక్కనుంచి ఎవరైనా కేకేస్తే వింటాడా? పట్టాల మీద పనిచేసే గ్యాంగువాళ్ళు, పిల్లల్ని ఎత్తుకుని పెట్టెల్లో కూర్చున్న తల్లులు, అందరూ కళ్ళముందు తిరిగేవాళ్ళు. నేను డాక్టర్ని కాదు, స్పీకర్ మెకానిక్‌ని అని సర్దిచెప్పుకునేవాణ్ణి. కానీ ఆ పరీక్ష చేసింది నేనే, మరొకరు కాదు.

ఉస్తాద్ దగ్గరికి పోయి చెప్పాను. మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినవా?" అన్నాడు.

"ఆయనకే తెలిసింది ఉస్తాద్. నా కండ్లముందే తెలిసింది."

"తెలిసిందని నువ్వనుకుంటాన్నవ్. నోటితోని చెప్పినవా అని అడుగుతాన్న."

లేదన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఇక మాట్లాడడని నాకు తెలుసు.

నేను కాజీపేట పోయి ఆ మాట చెప్పేలోపే రాజలింగం అన్న దుకాణానికి వచ్చాడు. పై అరలోని డబ్బాలను చూశాడు. స్టూలు లాక్కుని, నేను తన కుడిపక్కన పడేలా కూర్చున్నాడు. 

"డబ్బలు ఇప్పుడే ఇయ్యకు తమ్మీ" అన్నాడు. "నీ కాడనే ఉండనీ. ఇంట్ల కనవడకపోతె మీ వదిన గా ముచ్చట తియ్యది. అడిగితె రిపేరుల ఉన్నయంటాన్న."

"అన్నా, డబ్బలల్ల ఏం లేదు" అన్నాను.  "నీ ఎడమ చెవి ఇంటలేదు. నేను నోటితోని చెప్పాలె, చెప్తాన్న. దవాఖానల చూపించుకో."

"చూపిస్తె ఏమైతదో ఎరుకేనా నీకు? ఇంజన్ దింపుతరు. మెడికల్ పరీక్షకు ఇంక కొన్ని నెలలు ఉన్నది. అప్పటిదాక నడవనీ." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "బొగ్గు తుడుసుడు కాడికెల్లి ఆడిదాక ఎక్కిన. దింపిన్రంటె మల్ల ఎక్కుడుండది. ఇంజన్ షెడ్డుల చిట్టీలు రాస్కుంట కూసోవాలె. గా బతుకు నాతోని గాదు."

"మరి పెట్టెలల్ల కూసున్నోళ్ళు?"

"ఇంజన్ కండ్లతోని నడుస్తది తమ్మీ. ఒక్క చెవి సాలు."

"కండ్లతోనే నడిస్తె చెవులకు పరీక్ష ఎందుకన్నా?"

ఆయన స్టూలు వెనక్కి జరిపాడు. లేచి వెళ్ళిపోయాడు. డబ్బాలు నా దగ్గరే ఉండిపోయాయి.

ఇక్కడ మీరు నన్ను అడగొచ్చు, షెడ్డుకు పోయి పెద్దసారుకు ఎందుకు చెప్పలేదని. పోదామని సైకిలెక్కాను. సగం దారిలో దిగి, ఎవరిదో గోడనీడలో నిలబడ్డాను. ఒకపక్క మనిషి బతుకు. ఒకపక్క నిండు బండి. ఎటు అడుగు వేసినా ఒకపక్కవాళ్ళకు అన్యాయం చేస్తున్నట్టే అనిపించింది. సైకిలు వెనక్కి తిప్పాను. ఆ రోజు నాకు తోచింది అదే, ఇవాళ్టికీ ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది.

రఘునాథపల్లి స్టేషన్లో

ఆ మధ్యలోనే రఘునాథపల్లిలో ఒక రైతు ఇంట్లో డబ్బాలు చూడటానికి పొద్దున ప్యాసింజరు ఎక్కాను. తిరుగు టికెట్ కూడా తీసుకున్నాను. బండి కదిలాక గానీ ఇంజన్ మీద ఎవరున్నారన్న ఆలోచన రాలేదు. వచ్చాక ఇక కూర్చోలేకపోయాను. ఎదురు సీట్లో ఒకామె పిల్లకు జామకాయ తినిపిస్తోంది. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. నవ్వలేకపోయాను.

రఘునాథపల్లిలో దిగి ఇంజన్ దాకా నడిచాను. ఆయనే. ఎడమపక్క కిటికీలో మోచెయ్యి ఆనించి ముందుకు చూస్తున్నాడు. ప్లాట్‌ఫారం అదే పక్కన. నాకూ ఆయనకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు.

"రాజలింగమన్నా" అన్నాను.

కదల్లేదు. కుడిపక్కన కొలిమి బుసకొడుతోంది, వినే చెవికి అదే నిండిపోయింది. ఎడమ చెవి నావైపే ఉంది. ఇంకా గట్టిగా పిలిచాను. దూరంగా టీ అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు. లోపలున్న ఫైర్‌మన్‌కు నా కేక వినిపించింది. అతను వచ్చి డ్రైవరు భుజం తట్టి నన్ను చూపించాడు. తట్టిన తీరు చూస్తే, అట్లా తట్టడం అతనికి అలవాటైపోయిందని తెలిసింది.

రాజలింగం అన్న కిందికి నన్ను చూశాడు. ఎంతసేపటినుంచి పిలుస్తున్నానో నా మొహంలోనే చదువుకుని ఉంటాడు.   జెండా ఊపారు, బండి కదిలింది.

రైతు ఇంట్లో ఏం చేశానో గుర్తులేదు. సాయంత్రం తిరుగు బండికి స్టేషనుకు వచ్చాను. బండి వచ్చింది. ఇంజన్ మీద మళ్ళీ ఆయనే. నన్ను చూశాడు, చెయ్యెత్తాడు. జేబులో టికెట్ పట్టుకుని నిలబడ్డాను. ఎక్కాలి. ఎక్కకపోతే ఆయన ఏమనుకుంటాడు?  ఒక్కడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేశాను. కూత వేసి బండి నాముందునుంచే వెళ్ళిపోయింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, స్టేషన్ దాటేదాకా నావైపే చూస్తూ పోయాడు.

నేను రోడ్డు మీదికొచ్చి వరంగల్ బస్సెక్కాను. బస్సులో ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఒక మంచి మనిషిని అంతమంది ముందు అవమానించినట్టనిపించింది.

డబ్బాల వాపసు

కొన్నాళ్ళు ఆయన కనిపించలేదు. నేను పోలేదు, మొహం చెల్లక. ఒకరోజు మధ్యాహ్నం దుకాణం ముందు నిలబడ్డాడు. యూనిఫాం లేదు. తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"నా బండి ఇడిసిపెట్టి బస్సెక్కినవ్" అన్నాడు.

తల దించుకున్నాను.

"టికెట్ ఉండంగనే."

"తప్పైందన్నా" అన్నాను. నిజంగా తప్పనిపించి కాదు, ఇంకేమనాలో తెలియక.

"తప్పేం లేదు." స్టూలు లాక్కున్నాడు, మళ్ళీ నన్ను కుడిపక్కన పెట్టుకుని. "తమ్మీ, ఇన్నేండ్లల నా బండి కోసం ఉరికొచ్చినోళ్ళను చూసిన. బండి అందక ఏడ్సినోళ్ళను చూసిన. నా బండి చూసి ఎనుకకు జరిగినోన్ని నిన్నొక్కన్నే చూసిన. తెల్లారి ఇంజన్ ఎక్కుదామని పోయిన. మెట్టు మీద కాలు వెట్టిన. నువ్వే యాదికొచ్చినవ్. కాలు తీసి, సక్కగ డాక్టర్ కాడికి పోయి నేనే చెప్పిన."

"మరి?"

"దింపిన్రు. షెడ్డుల వేసిన్రు. చిట్టీలు రాస్తాన్న." చొక్కా జేబులోని పెన్ను సర్దుకున్నాడు. "కూత వినవడ్డప్పుడల్ల పానం అటు గుంజుతది. ఏం చెయ్యాలె."

ఆ బాధకు నా దగ్గర మార్చి పెట్టడానికి ఏ భాగమూ లేదు. మాట మార్చడానికి డబ్బాల గురించి ఎత్తాను. నేను అప్పటికే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాను. రెండు పక్కల పాటనూ కలిపి ఒకే డబ్బాలోకి పంపి, దాన్ని తలుపు పక్క ఆయన కుడి చెవికి దగ్గరగా పెడదామని. చేస్తే స్టీరియో ఉండదు గానీ పాట మొత్తం వినిపిస్తుంది.

"వద్దు తమ్మీ. దేన్ని కలుపకు. ఎట్లున్నయో అట్లనే పెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రమే రిక్షాలో డబ్బాలు వేసుకుని ఇద్దరం కాజీపేట పోయాం. కిటికీ పక్కది కిటికీ పక్కన, తలుపు పక్కది తలుపు పక్కన పెట్టాను. తీగలు బిగించి రికార్డు వేశాను. ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. నేను అలవాటు కొద్దీ కిటికీ పక్క డబ్బా దగ్గర చెవి పెట్టి విన్నాను. బాగా పాడుతోంది. ఆయనకు అందట్లేదని తెలిసి మళ్ళీ గాబరా మొదలైంది. పైకి ఏమీ అనలేదు గానీ మొహంలో తెలిసిపోయినట్టుంది.

"ఫికర్ చెయ్యకు" అన్నాడాయన. "గిటు చూడు."

కిటికీ కింద పీట లేదు. తలుపు పక్కన, ఆయన కుర్చీకి కుడివైపున వేసి ఉంది. సుగుణమ్మ వదిన చిక్కుడుకాయల చేట తెచ్చుకుని దానిమీద కూర్చుంది. కిటికీ పక్కన ఉన్నంత వెలుతురు అక్కడ లేదు. ఒక్కో కాయనూ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటోంది.

"తమ్మికి చాయ్ పెట్టాల్నా?" అంది, గొంతు పెంచకుండా.

"పెట్టు" అన్నాడాయన.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది.